ఊరికి ముందే తెలుసు

(నంద్యాలలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఫీల్డాఫీసరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దలకూ, ముందు వరసలో చాపలమీద కూచున్న పిల్లలకూ.

పోయిన వారం గ్రంథపాలకులు ఫోన్ చేసి, "సార్, దేనిగురించి మాట్లాడతారో చెప్పండి, కరపత్రంలో వెయ్యాలి" అన్నారు. "రోజూ మన కళ్ళముందు ఉండేవాటి గురించి" అన్నాను. ఆయన "జీవితానుభవాలు" అని వేయించారు. అదీ నిజమే. నా అనుభవాలన్నీ ఈ చుట్టుపక్కల యాభై, వంద కిలోమీటర్లలోనే ఉన్నాయి.

ఒకసారి కిందికి చూడండి. కాళ్ళకింద ఉన్నది నాపరాయి. మీలో సగంమంది ఇళ్ళల్లో ఇదే ఉంటుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె, ఎటు పోయినా ఈ రాయి క్వారీలే. పొద్దున లేచి దీనిమీదే నడుస్తాం, దీనిమీదే ముగ్గు వేస్తాం, ఎండాకాలం చాప కూడా లేకుండా దీనిమీదే పడుకుంటాం. ఇది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. అప్పటికి నేలమీద నడిచే జంతువన్నదే లేదు. అలాంటి రాయిమీద కూచుని మనం సభ జరుపుకుంటున్నాం. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. అన్నేళ్ళు ఆలస్యమైనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మా జేజి ఊరు కొలిమిగుండ్ల పక్కన. బెలుం గుహలకి నాలుగైదు మైళ్ళు. ఇప్పుడంటే బస్సులొచ్చాయి, టికెట్లొచ్చాయి, లోపల లైట్లు పెట్టారు. నా చిన్నప్పుడు అవి పొలాల మధ్యలో గుంతలు. కొండ లేదు, గుట్ట లేదు. చదునైన నేలలో ఉన్నట్టుండి బావిలాంటి పెద్ద గుంత ఉంటుంది, దాని అడుగున చీకటి. చాలాకాలం చుట్టుపక్కలవాళ్ళు వాటిల్లో చెత్త కూడా పోసేవాళ్ళు. జేజి మాత్రం, "ఆ బిలంలోకి పోవాకు నాయనా, లోపల గాలి ఆడదు" అనేది. ఆ మాట గుర్తుపెట్టుకోండి. బిలం అంది. ఊరిపేరు బెలుం ఆ మాటలోంచే వచ్చిందంటారు. లోపల ఊపిరాడదని కూడా ఆమెకు తెలుసు. ఇప్పుడు అదే గుహలోకి మిషన్లు పెట్టి గాలి పంపిస్తున్నారు.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ గుహల గురించి రాశాడు. మనదేశంలో రాతియుగం మనిషి పనిముట్టును మొదట గుర్తుపట్టింది ఆయనే, 1863లో, మద్రాసు దగ్గర పల్లావరంలో. అంతటి మనిషి రాసిపెట్టినా, తర్వాత దాదాపు వందేళ్ళు బెలుంని ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83ల్లో జర్మనీ నుంచి డేనియల్ గెబౌర్ అనే ఆయన బృందంతో వచ్చి, లోపల పాకుతూ దేకుతూ కొలతలు తీశాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకి చదువుకుంటున్నాను. ఒకరోజు మా మామ సైకిలు తొక్కుకుంటూ వచ్చి, "అబ్బీ, తెల్లోళ్ళు వచ్చినారు, తాళ్ళు కట్టుకోని గుంతలోకి దిగుతాండారు, చూద్దువుగానీ రా" అన్నాడు. "పరీక్ష ఉంది మామా" అన్నాను. మామ ఒక్కడే పోయొచ్చి రాత్రి భోజనాల దగ్గర కథలు కథలుగా చెప్పాడు. వాళ్ళ తలలకి దీపాలున్నాయట. ఒళ్ళంతా ఎర్రబురదతో పైకి వచ్చారట. ఊళ్ళో ముసలాయన ఒకాయన ఏ గుంత ఏ గుంతతో కలుస్తుందో వాళ్ళకి చేతులు ఊపి చెప్పాడట. నేను అన్నం తిని మళ్ళీ లెక్కల పుస్తకం ముందు కూచున్నాను.

ఆ పరీక్ష పాసయ్యాను. ఆ ఉద్యోగమే నన్ను ఊరూరా తిప్పింది, మా అమ్మానాన్నలకి అన్నం పెట్టింది. పరీక్షని తప్పు పట్టను. కానీ ఒక్క పూట... ఆ ఒక్క పూట పోయి చూసి రావలసింది. ఇక్కడ పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. రీడింగ్ రూములో మీరు రాత్రి తొమ్మిది దాకా కూచోడం నేను చూస్తూనే ఉంటాను. మీ టెన్షన్ నాకు తెలుసు. చదవండి. మామ పిలిచిన పూట మాత్రం పుస్తకం మూసి వెళ్ళండి.

బెలుంలో అన్నింటికంటే లోతైన చోట పాతాళగంగ ఉంది. నేలమట్టానికి నూటయాభై అడుగుల కింద. చిన్న పాయ. బండల మధ్య కొంతదూరం పారి, మళ్ళీ బండలోకే పోతుంది. అది ఊళ్ళో బావిలోకి చేరుతుందని ఊరివాళ్ళు అంటారు. 2002లో జనానికి తెరిచాక నేను మొదటిసారి దిగాను. ఆ పాయ పక్కన కూచుని చెయ్యి పెట్టాను. పైన ఎండ మండిపోతోంది, పొలాల్లో నెర్రెలు. కింద నా వేళ్ళమధ్య నీళ్ళు పారుతున్నాయి. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు తీసుకుని కొద్దిగా పులుపెక్కుతుంది, ఆ పులుపు సున్నపురాయిని కొంచెం కొంచెం తినేస్తుంది. మూడు కిలోమీటర్ల గుహ అలా తయారైంది. ఆ పనిచేసిన నీళ్ళు అవే. ఇంకా చేస్తూనే ఉన్నాయి.

అన్నట్టు, గుహలు అంత బాగా ఉన్నాయంటే ఊరికే కాదు. ఎం.నారాయణరెడ్డి గారని ఒక రిటైర్డు పోలీసు అధికారి, ఆయనతోపాటు ఆ ప్రాంతంవాళ్ళు కొందరు, ఏళ్ళతరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. చెత్తగుంతగా పోవలసింది నిలబడింది. వాళ్ళకి మనం ఋణపడి ఉన్నాం.

ఇప్పుడు ఈ సీసా ఇస్తాను. ముందు వరసలో పిల్లలూ, మూత తీసి కొంచెం వేళ్ళమీద వేసుకుని నలిపి, వెనక్కి పంపించండి. కళ్ళకి తగలనివ్వకండి. గట్టిగా ఊదకండి. ఎట్లా ఉంది? పౌడరులాగా ఉంది కదూ? ఇంకొంచెం నలపండి. ఆఁ, సన్నగా గరగర. అదీ.

అది బూడిద. జ్వాలాపురం నుంచి తెచ్చాను. బనగానపల్లె దగ్గర, జుర్రేరు వాగు లోయలో ఉంటుంది ఆ ఊరు. 2003లోననుకుంటా, పంట రుణం పని మీద ఒక రైతు చేను చూడ్డానికి పోయాను. శనగ వేశాడు. చేను చూసి, సంతకాలు పెట్టించుకుని తిరిగి వస్తుంటే పక్కన పెద్ద గుంత కనిపించింది. గుంత గోడ చూస్తే పైన మట్టి, కింద మట్టి, మధ్యలో మనిషి ఎత్తుకంటే ఎక్కువ మందాన తెల్లగా ఒక పొర. సున్నం కొట్టినట్టు. ఒకామె గంపతో ఎత్తుతోంది, ఇంకొకామె గోతాల్లో పోస్తోంది.

"ఏమ్మా, ఇదేం మన్ను?" అన్నాను.

"మన్ను కాదు సార్, బూడిద. అంట్లు తోమే పౌడరుకి పోతాది."

"ఇంత బూడిద ఎవరు కాల్చారమ్మా?"

ఆమె నవ్వలేదు. గంప దించి గోడవంక చూసింది. "అదే కదా సార్, ఎవరు కాల్చినారో. మా తాతలప్పుడు కూడా ఉంది" అంది.

ఆమె ప్రశ్న వేసింది చూశారా? ఎవరు కాల్చారో అని. నా దగ్గర జవాబు లేదు. ఒక పిడికెడు కాగితంలో కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగేళ్ళు ఆ పొట్లం మా అల్మారాలో ఉంది.

2007లో జవాబు పేపర్లో వచ్చింది. మైఖేల్ పెట్రాగ్లియా అనే పురావస్తు శాస్త్రవేత్త, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం ఆచార్యులు రవి కొరిశెట్టర్, వాళ్ళ బృందం జ్వాలాపురంలో తవ్వకాలు జరిపి 'సైన్స్' పత్రికలో వివరాలు ప్రకటించారు. ఆ బూడిద ఇండోనేషియాది. సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ళ కిందట పేలింది. గత ఇరవై లక్షల ఏళ్ళలో భూమ్మీద అంత పెద్ద పేలుడు ఇంకొకటి లేదంటారు. ఆ పర్వతం ఉన్నచోట ఇప్పుడు వంద కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఉంది. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చి మన లోయలో పడింది.

ఇక్కడ ఒక సంగతి. ఆకాశం నుంచి నేరుగా మనిషెత్తు బూడిద పడలేదు. పడ్డది పల్చగానే. చుట్టూ కొండలమీదా దిబ్బలమీదా పడినదంతా వానలకి కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది, అందుకే అక్కడ రెండున్నర మీటర్ల మందం. మన చెరువుల్లో ఒండ్రు ఎట్లా చేరుతుందో అట్లాగే.

ఆ పొరకి కింద రాతి పనిముట్లు దొరికాయి. పొరకి పైన కూడా దొరికాయి. పైవీ కిందవీ చాలావరకు ఒకే తీరుగా ఉన్నాయి. అంటే ఆకాశం నల్లబడి, వాగు నీళ్ళు బురదై, చెట్టుచేమా బూడిద కప్పుకున్న ఆ రోజుల్లో ఇక్కడ మనుషులున్నారు. తర్వాతా ఉన్నారు. వాళ్ళు అచ్చంగా మనలాంటి మనుషులేనా, ఇంకో జాతివాళ్ళా అన్నదానిమీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. బూడిద కింద ఒక జాజు ముక్క దొరికింది. ఎర్రరాయి. దానిమీద గీతలున్నాయి, ఎవరో అరగదీసి వాడిన గుర్తులు.

జాజంటే ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు. మా జేజి పండగకి గోడల అంచులకి జాజు పూసేది. ఒక ముక్క నీళ్ళల్లో నానబెట్టి, రాయిమీద అరగదీసి, గుడ్డపీలికతో గీత గీసేది. వంకర పోకుండా ఊపిరి బిగబట్టి గీసేది. గీత అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేది. 74,000 ఏళ్ళకంటే ముందే, ఆ బూడిద ఇంకా పడకముందు, జుర్రేరు ఒడ్డున ఒక మనిషి ఆ ముక్కని అరగదీశాడు, లేదా అరగదీసింది. ఎందుకో మనకి తెలియదు. ఒంటికా, తోలుకా, బండకా. కానీ చేతిలో ఆ ఎర్రముక్క పట్టుకుని ఎవరో కూచున్నారన్నది మాత్రం నిజం.

అంట్లు తోమే పౌడరు గురించి కూడా చెప్పాలి. మా జేజి ఇత్తడి బిందెలు పొయ్యి బూడిదతో తోమేది, కొంచెం చింతపండు కలిపి. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది, అది జిడ్డు వదిలిస్తుంది. జ్వాలాపురం బూడిద పనిచేసే తీరు వేరు. అది కాలిన కట్టె కాదు, పగిలిన గాజు. అగ్నిపర్వతంలో కరిగిన రాయి గాలిలోకి చిమ్మి, ఒక్కసారిగా చల్లారి, కంటికి కనబడనంత సన్న గాజుపెంకులైంది. మీ వేళ్ళకి గరగరమన్నది అదే. గిన్నెకి అంటిన మసిని అది గీకేస్తుంది. దాన్ని బూడిద అనడంలో ఆ గంపెత్తే ఆమె ఏం తప్పు చెప్పలేదు. శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు కూడా బూడిదే.

ఊరిపేరు జ్వాలాపురం అయింది కాబట్టి పేరుకీ బూడిదకీ ముడిపెట్టేవాళ్ళు ఉన్నారు. నేను పెట్టను. 74,000 ఏళ్ళు ఏ పేరూ నిలవదు. అసలు సంగతే ఇంత పెద్దది, దానికి ఇంకో కథ అతికించనక్కర్లేదు.

(ఒక శ్రోత: ఆమెకు ఆ తర్వాత చెప్పారా సార్?)

మంచి ప్రశ్న అడిగారు. పోయాను. పేపరు కత్తిరించుకుని మరీ పోయాను. ఆమె కూలికి వేరే ఊరు వెళ్ళిందన్నారు. అక్కడున్న వాళ్ళకి చదివి వినిపించాను. ఒక పెద్దాయన అంతా విని, "అయితే సార్, సముద్రం అవతలి బూడిదతో మేం గిన్నెలు తోముకుంటున్నామన్నమాట" అన్నాడు. కాసేపు గోడవైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ గుంతలో ఆయన ఎన్నేళ్ళు పనిచేశాడో! ఆ సాయంత్రం ఆయన చూసిన చూపు కోసం నేను ఇంకో వందసార్లయినా అక్కడికి పోతాను.

నేను పిట్టల మనిషిని కాను. కానీ మన పక్క జిల్లాలో ఒక పిట్ట ఉంది, దాని కథ తెలియకుండా ఎవరూ ఉండకూడదని నాకు అనిపిస్తుంది. కలివి కోడి. కలివి పొదలుంటాయి కదా, ముళ్ళు, పుల్లటి కాయలు. అలాంటి పొదల మధ్య తిరిగేది. దాదాపు కౌజుపిట్టంత ఉంటుంది. రొమ్ముమీద రెండు పట్టీలు, పెద్ద కళ్ళు, పొడుగు కాళ్ళు. 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు దాని గురించి రాశాడు. 1900లో అనంతపురం దగ్గర ఒకాయన చూశాడు. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఏళ్ళకేళ్ళు వెతికారు. చివరికి అంతరించిపోయిందనుకున్నారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. ఎలా దొరికింది? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి, ఇట్లాంటి పిట్టని చూశారా అని అడిగాడు. అడవి అంచు ఊళ్ళలో పిట్టలు పట్టేవాళ్ళు చూశామన్నారు. పేరు కూడా చెప్పారు. అది రాత్రి తిరిగే పిట్ట. అంతకుముందు వెతికినవాళ్ళు పగలు వెతికారు. ఊరివాళ్ళలో ఒకతను రాత్రి టార్చిలైటు వేసి దాన్ని పట్టుకున్నాడు. లోకమంతా లేదనుకున్న పిట్టకి ఇక్కడ తెలుగులో పేరుంది!

పిట్ట దొరికిందని తెలిసి సలీం అలీ గారు బయల్దేరి వచ్చారు. అప్పటికి ఆయనకి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆయన చేరేసరికి ఆ పిట్ట చనిపోయింది. ఆ మాట ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ వయసులో అంతదూరం వచ్చిన మనిషి గురించా, పట్టుకోబట్టి చచ్చిపోయిన ఆ ప్రాణి గురించా, ఎవరికోసం ఎక్కువ బాధపడాలో తెలియదు.

తర్వాత చేసిన పరిశోధనలు ఇంకా చక్కగా ఉంటాయి. పిట్టని పట్టకుండా, పొదల మధ్య దారుల్లో మెత్తటి మట్టి పట్టీలుగా పరిచేవాళ్ళు. పొద్దున్నే పోయి దానిమీద పడిన కాలిగుర్తులు చూసేవాళ్ళు. ఏ పిట్టకి ఎన్ని వేళ్ళు, అడుగుకీ అడుగుకీ ఎంత దూరం, అన్నీ లెక్క. దానికోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మళ్ళించారు. ఇంకో విచిత్రం, స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఒక గుడ్డు ఎన్నో ఏళ్ళుగా సొరుగులో పడుంది. 2013లో డీఎన్ఏ పరీక్షతో అది కలివి కోడి గుడ్డని తేలింది. 1917లో కోలారు బంగారు గనుల దగ్గర సేకరించిందట. అప్పటిదాకా ఆ పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో శాస్త్రానికి తెలియనే తెలియదు.

పదేళ్ళ కిందట నేను బద్వేలు వైపు పోయి తిరిగి వస్తూ, లంకమల కొండల దగ్గర మట్టిదారిలో చిక్కుకుపోయాను. బండి చైను తెగింది. పొద్దుగూకింది. ఫోనుకి సిగ్నల్ లేదు. నిజంగా భయమేసింది. చీకట్లో బండి తోసుకుంటూ పోతుంటే దూరంగా మంట కనిపించింది. మేకల మంద. కాపలా ఉన్న ఆయనకి అరవై దాటుంటాయి.

"ఎవరది?"

"నేనేనన్నా, బండి చెడిపోయింది."

"ఈ పొద్దప్పుడు యాడికి పోతావు సామీ, ఈడనే పండుకో. తెల్లారినాక మావోడు వస్తాడు, బాగుచేపిస్తాం."

సద్దిమూటలోంచి సంకటి ముద్ద సగం విరిచి, ఊరిమిండి వేసి ఇచ్చాడు. తిన్నాక ఊరికే ఉండలేక కలివి కోడి సంగతి అడిగాను. ఆయన తొందరపడలేదు. ముందు నన్ను చూశాడు, ఎందుకడుగుతున్నానో కనుక్కోవడానికి. తర్వాత చీకట్లో వినపడే ఒక్కో శబ్దమూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అది పైడికంటె. అది చితవ, నేలమీద కూచుని అరుస్తుంది. అది పిట్ట కాదు, నక్క పిల్ల. చివరికి, "నువ్వడిగింది మా నాయన చూసినాడు. నేను చిన్నప్పుడు విన్నా. రెండు మాట్లుగా కూస్తాది, పొద్దు మునిగిన కాసేపటికి. ఇప్పుడు వినపడ్లే. పొదలు కొట్టేసినారు కదా, అది యాడ ఉంటాది?" అన్నాడు.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఆయనకి ఆస్తి లేదు, హామీ ఇచ్చేవాళ్ళు లేరు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఆయన వస్తే అప్పు ఇవ్వలేక తిప్పి పంపేవాణ్ణే. ఆ రాత్రి ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఏ కాగితంమీదా రాయలేను. మంట పక్కన గొంగళి కప్పుకుని, కొండమీద చుక్కలు చూస్తూ, రెండు మాట్లు కూసేదాని కోసం తెల్లవారుజాము దాకా చెవులు రిక్కించుకుని ఉన్నాను. వినపడలేదు. కానీ అంత శ్రద్ధగా నా జీవితంలో ఇంకెప్పుడూ వినలేదు.

మీరు అడగొచ్చు, పెద్ద పెద్ద కోరికలేం లేవా మీకు అని. ఉండేవి. 1984లో బచేంద్రీ పాల్ ఎవరెస్టు ఎక్కినప్పుడు పేపర్లో ఆమె ఫోటో కత్తిరించి పెట్టెలో పెట్టుకున్నాను. హిమాలయాలు ఎక్కాలని ఉండేది. నాన్న పోవడం, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, అలా అలా అది జరగలేదు. కానీ 2014లో మాలావత్ పూర్ణ ఎక్కినప్పుడు ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. నిజామాబాదు జిల్లా పాకాల అమ్మాయి, పద్నాలుగేళ్ళు నిండలేదు. ఖమ్మం వైపు అబ్బాయి ఆనంద్ కూడా ఆమెతోపాటే శిఖరం చేరాడు. ఆ పిల్ల మొదట తాడు పట్టుకున్నది భువనగిరి గుట్టమీద. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసి దాటిపోతాం చూడండి, ఆ ఏకశిలా గుట్ట. అక్కడ మొదలైన అడుగు ఎవరెస్టు దాకా పోయింది.

ఇక ఈ గ్రంథాలయం. నాకు ఏనుగుల వీరాస్వామి గారు పరిచయమైంది ఇక్కడే, రెండో బీరువాలో. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం ఆయనది. 1830 మేలో బయల్దేరి, వందమంది దాకా వెంటపెట్టుకుని కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. కడప మీదుగా, అహోబిలం, శ్రీశైలం చూసుకుంటూ మన దారినే పోయారు. ఆ యాత్రాచరిత్ర తెరిస్తే నాకు దేవుళ్ళకంటే ముందు కనబడింది నీళ్ళు. ఏ ఊళ్ళో మంచినీళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, అంగళ్ళల్లో ఏం దొరుకుతుంది, దారి రాళ్ళా ఇసకా. ఎవర్నో అడగకుండా ఇవేవీ తెలిసేవి కావు. అది చదివాకే నేను క్యాంపులకి పోయేటప్పుడు చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. ముప్పైయ్యారు నోటుబుక్కులయ్యాయి. ఊరిపేరు, చెప్పినవారి పేరు, వాళ్ళన్న మాట వాళ్ళ యాసలోనే. జేజి అన్న బిలం మొదటి పేజీలో ఉంది. ఆమె పోయిన చాన్నాళ్ళకు రాశాను. ఆమె ఉన్నప్పుడు అడగలేదు, ఆ గుంతల గురించి ఇంకేం తెలుసు జేజీ అని. అది ఎన్ని నోటుబుక్కులతోనూ తీరదు.

సమయం అయిందంటున్నారు. ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి. చెప్పమ్మా, నువ్వే.

(ఒక అమ్మాయి: సార్, ఆ పిట్ట ఇంకా ఉందా?)

2009 తర్వాత చాలా ఏళ్ళు దాని జాడ దొరకలేదమ్మా. కానీ అంతకుముందు ఎనభై ఆరేళ్ళు కూడా దొరకలేదు కదా. మీది ఏ ఊరు?

(అమ్మాయి: నంద్యాలే సార్. మా అబ్బోళ్ళది సిద్దవటం దగ్గర.)

అబ్బ ఏం చేస్తారు?

(అమ్మాయి: గొర్లు ఉన్నాయి సార్.)

సంక్రాంతికి పోతావా? పోతే ఒక పని చెయ్యి తల్లీ. పొద్దు మునిగాక అబ్బ పక్కన కూచుని, రాత్రిపూట ఏయే పిట్టలు అరుస్తాయో అడుగు. చెప్పినవన్నీ ఆయన చెప్పినట్టే రాసుకో. ఇదుగో, ఇది ముప్పైయేడో నోటుబుక్కు, ఇంకా మొదలుపెట్టలేదు. నువ్వే తీసుకో. పండగ అయ్యాక తెచ్చి గ్రంథపాలకుల దగ్గర ఇచ్చినా సరే, నేను వచ్చి చదువుకుంటాను.

ఆ సీసా ఎవరి దగ్గరుంది? మూత గట్టిగా పెట్టి ముందుకి పంపించండి.